ఆ 417 రూపాయలు ఏ పటంలో కనిపిస్తాయి?

నెలకు 417 రూపాయలు. రోజుకు లెక్కేస్తే పదహారు రూపాయల చిల్లర. కర్ణాటక గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి 2020 ఏప్రిల్ నుండి కనీస వేతనంలో భాగంగా పెరగాల్సిన కరువు భత్యం అది. లాక్‌డౌన్‌లో కంపెనీలు నష్టపోయాయని చెప్పి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని వాయిదా వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు బకాయిలతో సహా చెల్లించాలని చెప్పింది. అయినా చాలా ఫ్యాక్టరీలు చెల్లించలేదు. 2021 చివరికి నాలుగు లక్షల మందికి పైగా కార్మికులకు కనీస వేతనం పూర్తిగా అందడం లేదని వర్కర్ రైట్స్ కన్సార్టియం లెక్క తేల్చింది.

యూనియన్లు లేబర్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాయి. కోర్టు ఉత్తర్వు కాగితం మీదే ఉంది. ఈ ఫ్యాక్టరీలు ఏయే బ్రాండ్లకు బట్టలు కుడుతున్నాయో 2021 డిసెంబరులో విదేశీ పత్రికలు పేర్లతో సహా అచ్చువేశాయి. కొద్ది వారాల్లోనే ఒక పెద్ద ఎగుమతి సంస్థ బకాయిలు కడతానని ముందుకొచ్చింది. మన హైకోర్టు మాటకు కదలని డబ్బు, లండన్‌లో ఒక దుకాణం పేరు బయటికి రాగానే కదిలింది. ఇది మనకు సిగ్గుచేటు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కానీ అందులో నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎవరు ఎవరికి పని చేస్తున్నారో చూపించే పటం ఎవరి చేతిలో ఉంటే, వాళ్ళకు బేరమాడే బలం ఉంటుంది.

సంఘానికి ఈ సంగతులెందుకు అని అడిగే పెద్దలున్నారు. బెంగళూరులో తెలుగు ఆరాధనకు వచ్చే కుటుంబాల్లో ఎంతమంది ఆడవాళ్ళు తెల్లవారి టిఫిన్ బాక్సు సర్దుకుని గార్మెంట్స్‌కు పరుగెత్తుతారో ఏ కాపరినైనా అడగండి. పీణ్య, బొమ్మనహళ్ళి, మైసూరు రోడ్డు వైపు సంఘాల్లో కోలారు, చిత్తూరు, అనంతపురం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన ఇళ్ళు ఎన్నో. శనివారం రాత్రి ఫోను వస్తుంది: "టార్గెట్ అవ్వలేదు పాస్టర్ గారూ, రేపు కూడా రమ్మన్నారు. ప్రార్థన చేయండి." మేము ప్రార్థన చేస్తాం. చేయాలి కూడా. కానీ ఆ టార్గెట్ పెట్టిందెవరు? సూపర్‌వైజరు అని ఆమె అనుకుంటుంది. అతనికి చెప్పింది ప్రొడక్షన్ మేనేజరు. ఆయనకు పైనుండి ఒత్తిడి. ఓడ ఎక్కాల్సిన తేదీ దాటితే విమానంలో పంపి ఆ ఖర్చు ఫ్యాక్టరీయే భరించాలి. ఆ తేదీని, ధరను ఖాయం చేసింది స్టాక్‌హోమ్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చున్న కొనుగోలు అధికారి. ఆదివారం ఆరాధనలో ఆ అక్క కూర్చునే చోటు ఖాళీగా ఉండటానికి కారణం అంత దూరంలో ఉంది.

దేశాల మధ్య వ్యాపారం గురించి టీవీలో చెప్పే లెక్కల్లో ఇదేమీ కనిపించదు. అక్కడ ఇండియా అమ్ముతుంది, అమెరికా కొంటుంది. అంతే. ఆ లెక్క ఎంత పైపైదో చూపడానికి పరిశోధకులు తరచూ ఐఫోన్ ఉదాహరణ చెబుతారు. 2009లో ఒక్కో ఫోను తయారీ ఖర్చు దాదాపు 179 డాలర్లు. అందులో చైనాలో జరిగిన కూర్పు పని విలువ ఆరున్నర డాలర్లు మాత్రమే. భాగాలు జపాన్, కొరియా, జర్మనీ, అమెరికాల నుండి వచ్చాయి. కస్టమ్స్ పుస్తకంలో మాత్రం మొత్తం 179 డాలర్లూ చైనా ఎగుమతి కిందే పడ్డాయి. ఈ తప్పు సరిచేయడానికి ఓఈసీడీ, ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి 2013లో ఏ దేశంలో ఎంత విలువ చేరిందో చూపే కొత్త లెక్కల పట్టీలు విడుదల చేశాయి. మంచిదే. కానీ ఆ పట్టీల్లోనూ ఉన్నవి దేశాలు, పరిశ్రమలే. మనుషులు లేరు.

ఆ ఫోన్లు ఇప్పుడు మన పక్కనే శ్రీపెరుంబుదూరులో తయారవుతున్నాయి. హోసూరు దగ్గర వాటి భాగాలు తయారవుతున్నాయి. 2021 డిసెంబరులో హాస్టల్ తిండి తిని తోటివాళ్ళు ఆసుపత్రి పాలైతే, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ యువతులు చెన్నై - బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. ఆ తర్వాతే ఆపిల్ ఆ ఫ్యాక్టరీని ప్రొబేషన్‌లో పెట్టింది. పటంలో లేని మనుషులు రోడ్డు మీదికి వస్తే తప్ప కనబడలేదు.

2002లో మాంచెస్టర్ కేంద్రంగా పీటర్ డికెన్, నీల్ కో, హెన్రీ యూంగ్ తదితరులు 'గ్లోబల్ ప్రొడక్షన్ నెట్‌వర్క్' అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. సరుకు ప్రయాణం ముడిసరుకు నుండి దుకాణం దాకా సాగే సూటి గొలుసు కాదు, వల వంటిది అన్నారు. ఆ వలలో ప్రభుత్వాలున్నాయి, యూనియన్లున్నాయి, ఊళ్ళున్నాయి. విలువ ఎక్కడ పుడుతోంది, అధికారం ఎవరిది, ఏ నేలలో వేళ్ళు పాతుకుంది అని అడగమన్నారు. మన దేశంలో ఈ వలను గీయాలంటే కులం అనే దారం కూడా వేరే రంగులో గీయాలి. అది లేకుండా గీసిన పటం మన ఊళ్ళకు పనికిరాదు.

బైబిలు చదివేవారికి ఇటువంటి పటం కొత్తేమీ కాదు. యెహెజ్కేలు 27వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. తూరు పట్టణాన్ని ప్రవక్త ఒక ఓడగా వర్ణిస్తాడు. ఆ ఓడ పలకలు శెనీరు నుండి, స్తంభం లెబానోను నుండి, తెడ్లు బాషాను నుండి, తెరచాప ఐగుప్తు నుండి వచ్చాయి. తెడ్లు వేసేది సీదోను, అర్వదు మనుషులు. చీలికలు బాగుచేసేది గెబలు పనివాళ్ళు. ఒక్క ఓడలో ఎన్ని దేశాలో! ఆ తర్వాత ఎవరు ఏ సరుకు తెచ్చారో దేశం దేశం వరసగా రాస్తాడు. యూదా, ఇశ్రాయేలు పేర్లు కూడా ఆ పట్టీలో ఉన్నాయి, మిన్నీతు గోధుమలతో, తేనెతో, నూనెతో. తన ప్రజల్ని ప్రవక్త దాచిపెట్టలేదు. మరో చోట ఇత్తడి సామాను పక్కనే మనుషులు కూడా సరుకుగా కనిపిస్తారు. ప్రకటన 18లో బబులోను వర్తకుల సరుకుల పట్టీ బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. ఆ పుస్తకం మీద మన కూటాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. ముద్ర గురించి, చిప్ గురించి, ప్రపంచ ప్రభుత్వం గురించి గంటల తరబడి చెబుతారు. ఆ సరుకుల పట్టీ మీద ఎన్ని ప్రసంగాలు విన్నారో మీరే లెక్కపెట్టుకోండి.

యానాం చదువరులకు ఒక మాట. మీ ఊరు ఈ వలలోకి నిన్న మొన్న రాలేదు. ఫ్రెంచివాళ్ళు అక్కడ కొట్టు పెట్టింది గుడ్డ కోసమే. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళూ అందుకే పెట్టారు. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం పేరు యూరప్‌లో ఒక రకం బట్టకే పేరైపోయింది, 'మదపోలం' అని. కోరమండల్ తీరం నుండి కంపెనీలు కొన్న గుడ్డల్లో కొంత పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళింది. అక్కడ ఆ గుడ్డ ఇచ్చి మనుషుల్ని కొన్నారు. మన తీరపు నేతగాళ్ళలో ఎవరికీ తమ మగ్గం మీద నేసింది ఎవరి మెడకు సంకెలైందో తెలిసే వీలు లేదు. తెలియకుండా ఉంచడం ఈ వ్యాపారంలో మొదటి నుండీ ఉన్న పద్ధతి.

ఈనాటి చొక్కాను వెనక్కి విప్పుకుంటూ పోతే ఏమవుతుంది? లేబుల్ మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంటుంది. బెంగళూరులో 'ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్' అంగళ్ళలో కొన్నవారికి తెలుసు, బ్రాండ్ పేరు సగానికి కత్తిరించి ఉంటుంది. పటాన్ని కత్తెరతో కోసేయడమంటే అదే. కుట్టు వెనక అల్లిక, నేత. దాని వెనక నూలు. నూలు చాలావరకు తమిళనాడులో కోయంబత్తూరు, ఈరోడ్, తిరుప్పూర్, దిండిగల్ మిల్లుల్లో వడుకుతారు. అక్కడ 'సుమంగళి' అనే పేరుతో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. పదహారు, పదిహేడేళ్ళ ఆడపిల్లల్ని, ఎక్కువగా దళిత కుటుంబాల వాళ్ళను, మిల్లు హాస్టళ్ళలో ఉంచి మూడేళ్ళు పని చేయించుకుని చివర్లో పెళ్ళికి పనికొస్తుందని కొంత మొత్తం చేతిలో పెడతామనేవారు. మధ్యలో జబ్బుపడి ఇంటికెళ్తే ఆ మొత్తం పోయినట్టే. నెదర్లాండ్స్ సంస్థలు సోమో, ఇండియా కమిటీ 2011లో, మళ్ళీ 2014లో ఈ మిల్లుల నూలు ఏయే దేశాల దుకాణాలకు చేరుతుందో వెతికి నివేదికలు ఇచ్చాయి. ఒక పండుగ పేరు లాంటి ఆ పేరు వినగానే ఇకమీదట ఆ హాస్టల్ గేటు గుర్తుకు రావాలి.

నూలు వెనక పత్తి. పత్తి వెనక విత్తనం. అక్కడికి వెళ్ళిన పరిశోధకుడు మన తెలుగువాడే, దావులూరి వెంకటేశ్వర్లు. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే ఒక్కో పువ్వును చేత్తో పట్టుకుని పరాగం అద్దాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ పొలాల్లో ఆ పని ఆడపిల్లల చేత చేయించేవారు, బడి మాన్పించి. పేదరికం, తల్లిదండ్రుల అజ్ఞానం అని అందరూ అనే మాటే అని ఆయన ఊరుకోలేదు. ఆ విత్తనం ఏ ఆర్గనైజరు ద్వారా ఏ కంపెనీకి చేరుతోందో పట్టుకున్నారు. 2003 నివేదికలో బహుళజాతి కంపెనీల పేర్లు వచ్చాయి. ఆ తర్వాతి పనిలో ఇంకా ముఖ్యమైన లెక్క తేలింది. కంపెనీ విత్తన రైతుకు ఇచ్చే ధర, పెద్దవాళ్ళకు కూలి ఇచ్చి సాగు చేసే రైతుకు గిట్టదు. ధర అలా పెట్టాక రైతు ఎవర్ని పనిలో పెట్టుకుంటాడో వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్ళో రైతును తిట్టడం తేలిక. ధర పెట్టిన గది ఎక్కడుందో పటమే చూపింది. కొన్ని కంపెనీలు చివరికి ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలతో కూర్చుని మాట్లాడక తప్పలేదు.

ఈ వలలో ఒక మూల లాగితే ఎక్కడ బిగుసుకుంటుందో 2025లో కళ్ళారా చూశాం. ఆగస్టు 27 నుండి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. తిరుప్పూర్, నోయిడా, సూరత్‌లలో ఉత్పత్తి ఆపేశారని ఎగుమతిదారుల సమాఖ్యే చెప్పింది. పత్రికలన్నీ ఢిల్లీ, వాషింగ్టన్ కుస్తీ అన్నట్టు రాశాయి. ఆ సందడిలో చాలామంది గమనించని ఉత్తర్వు ఒకటుంది. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఆగస్టు 19 నుండి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకు అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మిల్లులకు చవక పత్తి దొరికితే ఎగుమతులు నిలబడతాయన్నది వాదన. కానీ ఆదిలాబాద్, వరంగల్, విదర్భ, రాయగడ రైతు పత్తి ఏరేది అక్టోబరు నుండే కదా! కుట్టేవాళ్ళకు ఆర్డరు పోయింది. పత్తి పండించేవాళ్ళకు ధర మీద దెబ్బ పడింది. ఇద్దరూ బంధువులే కావచ్చు, ఒకే కుటుంబంలో అన్నాచెల్లెళ్ళే కావచ్చు. ఒకే దెబ్బ రెండు చోట్ల తగిలిందని ఇద్దరికీ చెప్పేవాళ్ళు లేరు. మా అభిప్రాయంలో మన సంఘాలు ఆ వేళ చేయగలిగి చేయని పని అది.

మరి ఈ పటాలు ఎవరి దగ్గరున్నాయి? అమెరికా ఓడరేవులకు చేరే సరుకు బిల్లులు అక్కడ బహిరంగ సమాచారమే. డబ్బు కట్టి ఆ వివరాలు కొనుక్కునే వ్యాపారులున్నారు. మన దేశంలో 2022 ఫైనాన్స్ చట్టం కస్టమ్స్ చట్టంలో 135ఏఏ అనే సెక్షన్ చేర్చింది. ఎగుమతి దిగుమతి సరుకు విలువ, పరిమాణం, ఎగుమతిదారు వివరాలు అనుమతి లేకుండా ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వ్యాపార రహస్యం కాపాడాలన్న వాదనలో కొంత న్యాయం ఉంది, కాదనం. అయితే పోటీదారుడి నుండి కాపాడే తెర కార్మికురాలి కళ్ళకూ కట్టబడుతోంది. డబ్బున్న కొనుగోలుదారుకు పటం దొరుకుతుంది. కుట్టే మనిషికి దొరకదు.

తెర కొంత తొలగింది కూడా, అది మరణాల మూలంగా. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు, ఏ బ్రాండ్లు అక్కడ కుట్టించుకున్నాయో తెలుసుకోవడానికి శిథిలాల్లో లేబుళ్ళు ఏరవలసి వచ్చింది. ముందు రోజే గోడలు పగుళ్ళిచ్చాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. గార్మెంట్ పిల్లల్ని మాత్రం లోపలికి తోశారు. ఆ తర్వాత కార్మిక సంఘాలు పట్టుబట్టగా చాలా బ్రాండ్లు తమ ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు ప్రకటించడం మొదలుపెట్టాయి. 2019లో మొదలై ఇప్పుడు ఓపెన్ సప్లై హబ్ పేరుతో ఉన్న పటంలో ఎవరైనా ఊరి పేరు కొట్టి వెతకవచ్చు, ఉచితంగా. మీ పేట పేరు కొట్టి చూడండి. కుట్టు ఫ్యాక్టరీలు బాగానే కనిపిస్తాయి. మిల్లులు తక్కువ. విత్తన పొలాలు దాదాపు లేనట్టే.

పటం గీస్తే న్యాయం జరిగిపోతుందని మేము అనడం లేదు. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీకి అంతా సవ్యమేనని అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చారు. కొద్ది వారాలకే, 2012 సెప్టెంబరు 11న అది తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కాగితం మీద అది చక్కటి ఫ్యాక్టరీ. ఇంకో భయం మన అక్కచెల్లెళ్ళదే. "పేరు బయటికొస్తే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది, మా పొట్ట కొట్టకండయ్యా" అంటారు. ఆ భయం నిజం. బ్రాండ్లు అలా పారిపోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే పటం బయటివాళ్ళ చేతిలో కాక, పనిచేసేవాళ్ళ సంఘటిత చేతుల్లో ఉండాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

దిండిగల్‌లో అది జరిగింది. 2021 జనవరిలో ఒక ఎగుమతి ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. దళిత మహిళలే ముందుండి నడిపే టీటీసీయూ యూనియన్ స్థానిక పోలీసు కేసుతో ఆగలేదు. ఆ ఫ్యాక్టరీ కుట్టేది హెచ్ అండ్ ఎమ్‌కు అన్న సంగతిని పట్టుకుని ఆసియా, అమెరికా కార్మిక సంస్థలతో కలిసి పోరాడింది. 2022 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అది కంపెనీ దయ మీద నడిచే నియమావళి కాదు, కట్టుబడాల్సిన ఒప్పందం. ఫ్యాక్టరీలోని కార్మికుల నుండే ఎంచుకున్నవారికి వేధింపులను, కుల వివక్షను గుర్తించి ఫిర్యాదు చేసే శిక్షణ ఇచ్చారు. ఆర్డరు పారిపోకుండా బ్రాండును కూడా ఒప్పందంలోకి కట్టేశారు. గ్యాప్, పీవీహెచ్ తర్వాత చేరాయి. మన సంఘాల స్త్రీల సమాజాల్లో ఈ కథ చెప్పుకోవాలి. అందులో గెలిచింది మన ఇళ్ళ పిల్లల వంటి పిల్లలే.

మనకున్న ఒక వసతిని మనమే గుర్తించలేదు. ఈ వల పరిచిన చోటల్లా తెలుగు సంఘం ఏదో ఒకటి ఉంది. రాయగడలో, వరంగల్‌లో పత్తి చేల పక్కన ఉంది. షోలాపూర్‌లో తువ్వాళ్ళు నేసే పేటల్లో, భివండీ మగ్గాల మధ్య తెలుగు కుటుంబాలున్నాయి. బళ్ళారి జీన్స్ కుట్టు ఇళ్ళలో, బెంగళూరు ఫ్యాక్టరీల్లో ఉన్నారు. ఆ బట్టలు కొనేవాళ్ళు డల్లాస్, న్యూజెర్సీ తెలుగు సంఘాల్లో ఉన్నారు. వాళ్ళే క్రిస్మస్‌కు ఇక్కడి పేదలకు బట్టలు పంపుతారు. బట్టలు పంపే ప్రేమకు మేము వందనాలు చెబుతున్నాం. ఆ బట్ట కుట్టిన మనిషి కూలి గురించి తాము కొనే దుకాణానికి ఒక ఉత్తరం రాయమని కూడా అడుగుతున్నాం. కొనేవాడి ఉత్తరానికి ఎంత విలువుందో ఆ 417 రూపాయల కథలోనే చూశాం.

యౌవనస్థులకు ఒక పని. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఒక నోటు పుస్తకం పెట్టండి. పనికి వెళ్ళే అక్కలు, అమ్మలు, పిన్నులతో కూర్చుని అడగండి. ఏ లేబుల్ కుట్టారు, గంటకు ఎన్ని పీసులు అన్నారు, ఓవర్‌టైం రెట్టింపు లెక్కన ఇచ్చారా, పీఎఫ్ పడిందా, ఆదివారం పిలిచారా. 135ఏఏ సెక్షన్ కస్టమ్స్‌కు ఇచ్చే సరుకు వివరాల గురించి. తన పని గురించి ఆమె తన సంఘంలో చెప్పుకునే మాట గురించి కాదు. ఆరు నెలలకోసారి ఆ పుస్తకాన్ని ఓపెన్ సప్లై హబ్‌తో సరిచూడండి, మీ ప్రాంతపు గార్మెంట్ యూనియన్ వాళ్ళకు చూపించండి. ఏది బయటపెట్టాలి, ఏది ఆపాలి అన్న నిర్ణయం మాత్రం కుట్టేవాళ్ళకే వదిలేయండి. అది పాస్టర్లది కాదు, మీది కూడా కాదు.

పుస్తకంలో ఎవరి పేరూ, ఫోను నంబరూ రాయవద్దు. లైను నంబరు చాలు. ఫ్యాక్టరీ లోపల ఫోటోలు తీయమని ఎవరినీ అడగవద్దు, పట్టుబడితే ఉద్యోగం పోతుంది. ఇంటికొచ్చి, వంట అయ్యాక, గుర్తున్నంత వరకు చెబితే చాలు. ఆ సాయంత్రం కూరగాయలు తరగడానికి మీరే కూర్చోండి.